గుడారం, చీకటి, శరీర గడియారం



ఈనాటి ప్రసంగంలో ఒక సరదా విషయాన్ని శాస్త్ర దృష్టితో పరిశీలిద్దాం. ఆ విషయం క్యాంపింగ్. అంటే ఊరికి దూరంగా, కొండ మీదో ఏటి ఒడ్డునో గుడారం వేసుకుని ఒకటి రెండు రాత్రులు గడిపి రావడం. ఒకప్పుడు ఇది స్కౌట్లకో, ఎన్‌సీసీ క్యాడెట్లకో, పర్వతారోహకులకో సంబంధించిన వ్యవహారంగా ఉండేది. ఇప్పుడు అలా కాదు. చలికాలంలో అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికో, పాడేరు దగ్గరి వంజంగి కొండకో వెళితే, మంచును, మబ్బులను చూడడానికి వచ్చినవారి గుడారాలు వరుసగా కనిపిస్తాయి. ఎందుకొచ్చారని అడిగితే చాలామంది చెప్పే కారణం ఒక్కటే. రోజూ ఉండే ఉరుకులు పరుగుల నుంచి, చేతిలోని ఫోను నుంచి రెండు రోజులు తప్పించుకుందామని.

ఈ జవాబు వినగానే శాస్త్ర విద్యార్థికి మూడు ప్రశ్నలు రావాలి. అలా తప్పించుకుపోయినప్పుడు మన శరీరంలో నిజంగా ఏదైనా మారుతుందా? మారితే, అందుకు కారణం కొండగాలా, సెలవా, ఫోను లేకపోవడమా, మరొకటా? ఇంటికి తిరిగివచ్చాక ఆ మార్పు నిలుస్తుందా? ఈ మూడు ప్రశ్నలకూ గత కొన్నేళ్లలో కొంతవరకు సమాధానాలు దొరికాయి. అవి క్యాంపింగుకు వెళ్లేవారికే కాదు, రాత్రి పన్నెండు దాటేవరకు మేలుకుని ఉదయం తరగతిలో కునికిపాట్లు పడే విద్యార్థులందరికీ అవసరమైనవి.

ఆరుబయట నిద్ర మనకు కొత్తదా?

ముందుగా ఒక మాట. ఆకాశం కింద నిద్రపోవడం మనకు కొత్త కాదు. వేసవి వచ్చిందంటే వాకిట్లో నులక మంచాలు, డాబా మీద పరుపులు వేసుకోవడం మొన్నమొన్నటి వరకు సామాన్యమైన విషయం. పంటకాపు కోసం మంచె మీద పడుకునే రైతు ఈనాటికీ ఉన్నాడు. నల్లమలలోని చెంచులకు అడవి విహారస్థలం కాదు, ఇల్లు. వీరిలో ఎవరూ తాము దేని నుంచో తప్పించుకుంటున్నామని అనుకోరు.

క్యాంపింగ్ ఒక కాలక్షేపంగా ఎక్కడ పుట్టిందో చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. 1901లో ఇంగ్లండులో థామస్ హైరమ్ హోల్డింగ్ అనే ఆయన సైకిళ్ల మీద వెళ్లి గుడారాలు వేసుకునేవారి కోసం ఒక సంఘం స్థాపించారు. 1908లో క్యాంపింగ్ చేసేవారికి ఒక చేతిపుస్తకం కూడా రాశారు. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ దీవిలో బాలురతో జరిపిన శిబిరం నుంచి స్కౌటు ఉద్యమం మొదలయింది. ఇవన్నీ జరిగింది కర్మాగారాలు, పట్టణాలు దట్టంగా పెరిగిన దేశంలో. చీకటి, నిప్పు, నక్షత్రాలు రోజూ ఇంటి ముందే ఉన్నవాడు వాటి కోసం టిక్కెట్టు కొనుక్కుని వెళ్లడు. అవి కరువైన చోటే వాటి కోసం ప్రయాణం మొదలవుతుంది. అందువల్ల మనం అడగవలసింది గుడారం గొప్పదనం గురించి కాదు, మనం పోగొట్టుకున్నదేమిటన్నది.

మనలోని గడియారం

1729లో మేరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో ఉంచి చూశాడు. పగలు ఆకులు విప్పుకుని రాత్రి ముడుచుకునే ఆ మొక్క, వెలుతురు లేకపోయినా తన వేళ ప్రకారమే ఆకులు విప్పి ముడిచింది. అంటే ఆకులు సూర్యుణ్ణి చూసి మాత్రమే కదలడం లేదు. మొక్కలోనే ఏదో ఒక లయ ఉంది. ఈ లయను నడిపే జన్యు యంత్రాంగాన్ని పండ్ల ఈగలలో కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. మన దేశంలో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ ఈ రంగంలో పరిశోధనలకు పునాది వేశారు. వెలుతురు, శబ్దం, చేతి గడియారం ఏవీ వేళ తెలియజేయని ప్రత్యేక గదిలో మనుషులను ఉంచి వారి నిద్ర, మెలకువల లయను అక్కడ అధ్యయనం చేశారు.

మనిషిలో ఈ గడియారం మెదడు అడుగుభాగాన, రెండు కంటి నరాలు కలిసే చోటుకు సరిగ్గా పైన ఉంటుంది. సుమారు 20,000 నాడీకణాలున్న చిన్న కేంద్రం అది. నిద్ర, శరీర ఉష్ణోగ్రత, ఆకలి, హార్మోనుల విడుదల అన్నీ దాని కనుసన్నలలో నడుస్తాయి. అయితే ఒక చిక్కుంది. ఈ గడియారం కచ్చితంగా 24 గంటలది కాదు. 1999లో ప్రచురితమైన కొలతల ప్రకారం దాని సగటు 24 గంటల 11 నిమిషాలు. అంటే దాని మానాన దాన్ని వదిలేస్తే రోజుకు కొన్ని నిమిషాల చొప్పున వెనకబడుతుంది. పాతకాలపు గోడగడియారానికి ఎప్పటికప్పుడు ముళ్లు సరిచేసినట్టు, దీన్ని కూడా రోజూ సరిచేయాలి. ఆ సరిచేసే చేయి ముఖ్యంగా వెలుతురే.

వెలుతురు ఈ పని ఎలా చేస్తుంది? మన కంటిలో చూపుకు పనికివచ్చే దండకణాలు, శంకుకణాలు ఉంటాయని పాఠశాలలో చదువుకున్నాం. ఇవి కాక మూడో రకం కాంతిగ్రాహక కణాలున్నాయని 2002లో రూఢి అయింది. వీటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. ఇవి ముఖ్యంగా 'ఇప్పుడు పగలా, రాత్రా' అన్న కబురును మెదడులోని గడియారానికి చేరవేస్తాయి. నీలికాంతికి, అందులోనూ 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానికి దగ్గరి కాంతికి, ఇవి ఎక్కువగా స్పందిస్తాయి. చీకటి పడ్డాక గడియారం ఆజ్ఞతో పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. రాత్రి అయిందని శరీరానికి తెలియజెప్పే దండోరా అది. ఆ వేళకు కళ్ల మీద ప్రకాశవంతమైన వెలుతురు పడితే దండోరా ఆలస్యమవుతుంది.

గదిలో పగలు ఎంత? రాత్రి ఎంత?

ఇప్పుడు కొన్ని అంకెలు చూద్దాం. వెలుతురు తీవ్రతను లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్. ఆరుబయట నీడలో కూడా కొన్ని వేల లక్స్ ఉంటుంది. తరగతి గదిలో, కార్యాలయంలో 300 నుంచి 500. ఇంట్లో దీపాల వెలుగులో సాధారణంగా 100, 200. పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో మూడో వంతు కూడా ఉండదు.

మన కన్ను ఈ తేడాను మనకు తెలియనివ్వదు. కనుపాప ముడుచుకునో, విచ్చుకునో సర్దుకుంటుంది కనుక గది కూడా వెలుతురుగానే అనిపిస్తుంది. కానీ లోపలి గడియారం లెక్క వేరు. రోజంతా గదిలో కూర్చున్న వ్యక్తికి పగలు ఎండలో వందో వంతుకన్నా తక్కువ. రాత్రి పదకొండు గంటలకు దీపం కింద, ఫోను ముందు ఉన్న వ్యక్తికి రాత్రి వెన్నెలకన్నా వందల రెట్లు ఎక్కువ. పగలు మసకబారింది, రాత్రి వెలిసిపోయింది. ఈ రెంటికీ మధ్య ఉండవలసిన తేడా తగ్గిపోతే గడియారానికి సరిచేసుకునే ఆధారం బలహీనపడుతుంది. మనం పోగొట్టుకున్నది ఇదే.

కొలరాడో గుడారాలు చెప్పిన సంగతి

ఈ ఊహను పరీక్షించడానికి అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో కెన్నెత్ రైట్ బృందం ఒక సరళమైన ప్రయోగం చేసింది. ఎనిమిది మందిని ఒక వారం పాటు వారి మామూలు జీవితంలోనే పరిశీలించారు. తరువాతి వారం వారిని రాకీ పర్వతాలలో గుడారాలలో ఉంచారు. ఫోన్లు లేవు, టార్చిలైట్లు కూడా లేవు. పగలు సూర్యుడు, రాత్రి నెగడు, అంతే. ఫలితాలు 2013లో వెలువడ్డాయి.

మొదటిది, వారి కంటికి అందిన వెలుతురు నాలుగు రెట్లకు మించింది. రెండవది, మెలటోనిన్ విడుదల దాదాపు రెండు గంటలు ముందుకు జరిగి సూర్యాస్తమయ సమయానికి చేరింది. మూడవ ఫలితం విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసింది. పట్టణ జీవితంలో ఉన్నప్పుడు వీరు నిద్రలేచిన తరువాత కూడా మెలటోనిన్ స్థాయి రాత్రిలాగే ఉండేది. గుడారాల వారం తరువాత అది మెలకువ రావడానికి ముందే తగ్గిపోయింది. ఉదయం లేచినా మత్తు వదలకపోవడాన్ని మనం బద్ధకం అంటాం. చాలా సందర్భాల్లో అది బద్ధకం కాదు. అలారం మోగింది కానీ లోపలి గడియారంలో ఇంకా తెల్లవారలేదు.

ఇంకో విశేషం. వేసవిలో జరిగిన ఈ ప్రయోగంలో వారు నిద్రపోయిన గంటల సంఖ్య చెప్పుకోదగినంత మారలేదు. మారింది నిద్ర వేళ. పెందలాడే నిద్రపోయేవారికి, అర్ధరాత్రి దాటాక నిద్రపోయేవారికి మధ్య ఉన్న తేడా కూడా తగ్గింది. 'నేను రాత్రివేళ మనిషిని, నా స్వభావమే అంత' అని చెప్పుకునేవారిలో కొంత భాగం స్వభావానిది, కొంత భాగం విద్యుద్దీపానిది అన్నమాట.

అదే బృందం 2017లో మరో రెండు ఫలితాలు ప్రకటించింది. చలికాలంలో ఐదుగురిని ఆరు రోజులు గుడారాల్లో ఉంచితే మెలటోనిన్ వేళ రెండున్నర గంటలకు పైగా ముందుకు జరిగింది. వారికి అందిన వెలుతురు పదమూడు రెట్లయింది. రెండో ప్రయోగం ఒక్క వారాంతానిది. గుడారాలకు వెళ్లిన తొమ్మిది మందిలో గడియారం 1.4 గంటలు ముందుకు జరిగింది. వారం రోజులలో వచ్చే మార్పులో మూడింట రెండు వంతులు రెండు రాత్రుల్లోనే వచ్చేసింది. ఇంట్లోనే ఉండి ఆ వారాంతాన్ని మామూలుగా గడిపిన ఐదుగురి గడియారం మరింత ఆలస్యంలోకి జారింది.

శాస్త్ర విద్యార్థులుగా ఈ ప్రయోగాల పరిమితులు కూడా గుర్తుంచుకోవాలి. పాల్గొన్నవారు చాలా కొద్దిమంది. ఆ ప్రాంతం 40 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరలో ఉంది. అక్కడ డిసెంబరు రాత్రి 14 గంటలకు పైగా ఉంటుంది, హైదరాబాదులో సుమారు 13 గంటలు. కనుక అంకెలు మనకు యథాతథంగా వర్తించకపోవచ్చు. కానీ దిశ స్పష్టం. పగలు పగలులా, రాత్రి రాత్రిలా ఉంటే గడియారం త్వరగా సర్దుకుంటుంది.

మనసు సంగతేమిటి?

శరీరం సరే, మనసు తేలికపడుతుందన్న మాటకు ఆధారముందా? 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 56 మంది పాల్గొన్నారు. కొందరికి నడక యాత్రకు బయలుదేరే ముందు, మరికొందరికి నాలుగో రోజున సృజనాత్మకతకు సంబంధించిన ఒక పద పరీక్ష పెట్టారు. నాలుగు రోజులు పరికరాలు లేకుండా ప్రకృతిలో ఉన్నవారు సగం మేర ఎక్కువ మార్కులు సాధించారు. ఇది ఆసక్తికరమైన ఫలితమే. అయితే ఇది ప్రకృతి వల్ల వచ్చిందా, పరికరాలు లేనందువల్ల వచ్చిందా అన్నది ఈ ప్రయోగం విడదీసి చెప్పలేదని పరిశోధకులే రాశారు. కలిసి వచ్చిన రెండు కారణాలలో దేని పాలు ఎంతో తేల్చాలంటే ఒక్కొక్కదాన్ని విడిగా మార్చి చూడాలి. గడియారం విషయంలో మనకు రక్తంలోనో లాలాజలంలోనో కొలవదగిన హార్మోను ఉంది. మనసు విషయంలో అంత స్పష్టమైన కొలమానం లేదు. అందుకే మొదటి దాన్ని గట్టిగా, రెండో దాన్ని కొంచెం ఆచితూచి చెబుతున్నాను.

గుడారంలోకి పట్నం వస్తే?

ఇప్పుడు మన విహారస్థలాలకు వద్దాం. గుడారం ముందు జనరేటరు, దాని మీద తెల్లటి ఎల్‌ఈడీ దీపాల తోరణాలు, పెద్ద స్పీకరు, అర్ధరాత్రి దాటేవరకు పాటలు, గుడారంలోకి వెళ్లాక ఫోను. ఇలా గడిపినవారు ఊరు మారారు కానీ రాత్రిని మార్చుకోలేదు. మనం చెప్పుకున్న లెక్క ప్రకారం వారి గడియారం ఇంట్లో ఉండిపోయినవారి గడియారంలాగే నడుస్తుంది. చుట్టుపక్కల జంతువుల, పక్షుల, కీటకాల రాత్రి కూడా చెడుతుంది. వాటికీ గడియారాలున్నాయి.

అలాగని కొలరాడో ప్రయోగాన్ని మన అడవిలో ఉన్నదున్నట్టు అనుకరించడం ప్రమాదం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సగటున ఏడాదికి 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. కట్లపాము ముఖ్యంగా రాత్రిపూట, నేల మీద నిద్రించేవారిని కాటేస్తుంది. కాటు నొప్పి తెలియకపోవచ్చు, గాటు కనపడకపోవచ్చు. కనుక మన దగ్గర టార్చిలైటు లేకుండా రాత్రి అడుగు వేయకూడదు. దాన్ని నేల మీదికి మాత్రమే వేయండి. గుడారానికి అడుగుభాగం కుట్టి ఉండాలి, జిప్పు పూర్తిగా మూసుకోవాలి. బూట్లు దులిపి తొడుక్కోవాలి. ఎవరినైనా పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టుకట్టడం చేయకుండా, కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

నెగడు విషయంలోనూ జాగ్రత్త అవసరం. నెగడు వెలుతురు తక్కువ, ఎరుపు పాలు ఎక్కువ. అందుకే అది గడియారాన్ని పెద్దగా కదిలించదు. కానీ రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం. అనుమతి ఉన్న స్థలంలోనే వేయాలి, బూడిద చల్లబడేదాకా నీళ్లు పోయాలి.

మరో ఇబ్బంది కూడా ఉంది. ఏకాంతం కోసం వెళ్లేవారు ఎక్కువైతే ఏకాంతమే మిగలదు, నేల కూడా మిగలదు. ఉత్తరాఖండ్‌లోని ఎత్తయిన పర్వత పచ్చికబయళ్లను బుగ్యాల్ అంటారు. అక్కడ మట్టిపొర పలుచన, గడ్డి పెరిగే కాలం తక్కువ. గుడారాలు, చెత్త, తొక్కిడి పెరిగి అవి దెబ్బతింటున్నాయని స్థానికులు న్యాయస్థానానికి వెళ్లారు. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌లలో రాత్రి బసను నిషేధించింది. మనం దేన్ని వెతుక్కుంటూ వెళుతున్నామో దాన్నే పాడుచేయకూడదన్నది ఆ తీర్పులోని పాఠం.

చీకటిని కాపాడుకోవచ్చని చెప్పే ఉదాహరణలూ ఉన్నాయి. లద్దాఖ్‌లోని హాన్లేలో సుమారు 4,500 మీటర్ల ఎత్తున భారత ఖగోళ భౌతిక సంస్థ వారి వేధశాల ఉంది. దాని చుట్టుపక్కల ప్రాంతాన్ని 2022 డిసెంబరులో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024 జనవరిలో చీకటి ఆకాశ ఉద్యానవనంగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది. ప్రపంచంలో మూడో వంతుకు మించిన జనానికి తమ ఊరి నుంచి పాలపుంత కనిపించదని 2016లో వెలువడిన ప్రపంచ పటం తేల్చింది. అలాంటి కాలంలో చీకటి కూడా నీరు, గాలి వంటి వనరే.

తిరిగి వచ్చిన తరువాత

ఇక మూడో ప్రశ్న. సోమవారం నుంచి పాత పద్ధతికే తిరిగితే గడియారం కూడా పాత చోటికే జారుతుంది. ఎందుకంటే అది రోజూ సరిచేయవలసిన గడియారం. రెండు రాత్రుల గుడారం దాన్ని శాశ్వతంగా బాగుచేయదు. ఎలా బాగవుతుందో మాత్రం చేసి చూపిస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. ఒక విద్యార్థి కళాశాల రోజుల్లో రాత్రి 11కు పడుకుని ఉదయం 6కు లేస్తాడు. నిద్ర నడిమి సమయం రెండున్నర. ఆదివారం ఒంటి గంటకు పడుకుని తొమ్మిదికి లేస్తాడు. నడిమి సమయం ఐదు. తేడా రెండున్నర గంటలు. మన దేశానికి, సౌదీ అరేబియాకు ఉన్న కాలభేదం సరిగ్గా అంతే. అంటే ఆ విద్యార్థి శనివారం రాత్రి సౌదీకి వెళ్లి సోమవారం ఉదయం తిరిగివచ్చి తరగతిలో కూర్చున్నట్టు లెక్క. అదీ వారం వారం. దీన్నే శాస్త్రవేత్తలు సామాజిక జెట్‌లాగ్ అంటారు.

దీనికి విరుగుడు ఖర్చులేనిది. ఉదయం లేచిన గంటలోపు అరగంట ఆరుబయట ఉండండి. నడవండి, సైకిలు తొక్కండి, కనీసం డాబా మీద కూర్చుని చదవండి. రాత్రి పడుకునే ముందు గంటన్నర నుంచి పెద్ద దీపాలు ఆర్పి, చిన్న, పసుపుపచ్చని దీపం మాత్రం ఉంచండి. ఫోనును మరో గదిలో పెట్టండి. సెలవు రోజు కూడా లేచే వేళను గంటకు మించి మార్చకండి. గుడారం కొనే స్తోమత, వెళ్లే అవకాశం అందరికీ ఉండవు. ముఖ్యంగా ఆడపిల్లలకు ఇళ్లలో అనుమతి దొరకడం కష్టం. కానీ గుడారం ఇచ్చే మేలులో పెద్ద భాగం పగటి వెలుతురుది, రాత్రి చీకటిది. ఆ రెండూ ఇంటి దగ్గర కూడా చాలావరకు సంపాదించుకోవచ్చు. కళాశాలలో జాతీయ సేవా పథకం వారి ఏడు రోజుల శిబిరానికి వెళ్లే అవకాశం వస్తే మాత్రం వదులుకోకండి.

మీరు చేసి చూడవలసినవి

ఒకటి. రెండు వారాల పాటు రోజూ పడుకున్న వేళ, లేచిన వేళ రాయండి. పని రోజుల, సెలవు రోజుల నడిమి సమయాలు లెక్కగట్టి తేడా చూడండి. మూడో వారం పైన చెప్పిన నియమాలు పాటించి మళ్లీ లెక్కగట్టండి.

రెండు. చంద్రుడు లేని శీతాకాలపు రాత్రి కృత్తికలను, అంటే మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే నక్షత్రాల గుంపును, మీ వీధి నుంచి చూసి ఎన్ని నక్షత్రాలు కనిపిస్తాయో లెక్కపెట్టండి. తరువాత పెద్దల తోడుతో వీధిదీపాలకు దూరమైన చోట లెక్కపెట్టండి. కన్ను చీకటికి అలవాటుపడడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో ఒక్కసారి ఫోను చూసినా మళ్లీ మొదటి నుంచి ఆగవలసిందే.

మూడు. మీ పాఠశాల లేదా కళాశాల ఆవరణలో రాత్రంతా అవసరం లేకుండా వెలిగే దీపాలు, ఆకాశం వైపు వెలుతురు చిమ్మే దీపాలు ఎన్ని ఉన్నాయో జాబితా రాయండి. దాన్ని మీ ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి.

ఈ మూడింటి ఫలితాలనూ మీ తరగతిలో అందరూ కలిసి పట్టికగా వేసి చర్చించండి. అందరికీ ఒకేలా రావు. ఎందుకు రాలేదన్న దగ్గరే మీ అసలు పరిశోధన మొదలవుతుంది.